ఫ్యూజు తీసిన బండి

నిన్న రాజమండ్రిలో చేపల తొట్లు అమ్మే కొట్టు ముందు బండి ఆపితే, లోపల్నుంచి గాలిబుడగల చప్పుడు బుడబుడమని వినపడింది. ఆ చప్పుడు వింటే నాకు సుగుణ టీచర్ గారే గుర్తొస్తారు. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, కడియంలో మొక్కల నర్సరీ పెట్టారు. నేను ఆవిడ దగ్గర పాత డీజిల్ వ్యాను నడిపేవాణ్ణి. మొక్కలెక్కించుకుని తుని దాకా కొట్లకి చేరవేయడం నా పని. హైవే మీద నన్ను దాటిపోయిన మొక్కల బండి లేదని నేనే ఊరంతా చెప్పుకునేవాణ్ణి.

ఆ వ్యాను డీజిలు తెగ తాగేది. "ఇలా అయితే దీన్ని అమ్మేసి అద్దె బండి పెట్టుకోవాలయ్యా సత్తిబాబూ" అన్నారు టీచర్ గారు ఒకరోజు. అద్దె బండి అంటే దాని డ్రైవరు దానితోనే వస్తాడు. ఇంక నేను ఇంటికే. నా గుండెల్లో రాయి పడింది. సరిగ్గా అప్పుడే హైడ్రోజన్ కిట్లు అమ్మే మనిషి ఒకడు దిగాడు. బ్యాటరీ కరెంటుతో సీసాలోని నీళ్ళనుంచి బుడబుడమని బుడగలుగా గ్యాసు పుడుతుందనీ, అది ఇంజనులోకి వెళితే డీజిలు తక్కువ పడుతుందనీ చెప్పాడు. పెట్టించమని నేను టీచర్ గారిని బతిమాలాను. "సరే, చూడకుండా కాదనడం దేనికి" అని ఒప్పుకున్నారు. కుదుపులొస్తే గ్యాసు సరిగ్గా రాదని, నీళ్ళు తొణక్కుండా నడపమని ఆ మనిషి నాకు మరీమరీ చెప్పి వెళ్ళాడు.

ఇంక చూడండి నా భక్తి! బానెట్ కిందున్న ఆ సీసాని పసిగుడ్డులా చూసుకున్నాను. గుంత కనపడగానే ముందే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేవాణ్ణి. బస్సులు దాటిపోతుంటే పోనిచ్చాను. టైర్లలో గాలి రోజూ చూసుకున్నాను. నెల తిరిగేసరికి మైలేజీ పెరిగింది. కాలరెగరేసుకుని తిరిగాను. చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు మాకూ కావాలని వరసకట్టారు. కిట్ల మనిషి మళ్ళీ వచ్చి, "టీచర్ గారూ, మీరు ఒక్కమాట చెబితే చాలండి, కడియమంతా పెట్టించుకుంటారు" అన్నాడు. "ఇంకా చూస్తున్నానండి" అన్నారావిడ. ఆ రోజునుంచీ సీసాలో నీళ్ళు తానే పోస్తానన్నారు. పెద్దావిడ ముచ్చట పడుతున్నారనుకున్నాను.

నెల దాటాక ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా షెడ్డుకి వచ్చారు. నర్సరీల వాళ్ళనీ, కిట్ల మనిషినీ అప్పటికే పిలిపించారు. పర్సులోంచి చిన్న ఫ్యూజు తీసి బానెట్ మీద పెట్టారు.

"కిట్టుకి కరెంటు వెళ్ళే ఫ్యూజు ఇదేనండి. పోయిన నెలంతా నా పర్సులోనే ఉంది. నీళ్ళు తరగట్లేదని సత్తిబాబుకి తెలియకూడదనే నేను పోస్తానన్నాను. గ్యాసు లేదు, ఏం లేదు. మైలేజీ మాత్రం తగ్గలేదు."

కిట్ల మనిషి మొహం మాడిపోయింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ పరువు పోయింది, పైగా ఉద్యోగం కూడా పోయినట్టే.

"అదేంటండీ టీచర్ గారూ! మరి డీజిలు ఎలా మిగిలిందండి?"

"నీ కాలు మిగిల్చిందయ్యా. ఆ సీసా కోసమని నిదానంగా నడిపావు చూడు, అదీ సంగతి. కిట్టు తీయించేస్తాను. బండి అమ్మను, నువ్వూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నీళ్ళసీసాకి ఇచ్చిన విలువ నీకు నువ్వెందుకు ఇచ్చుకోవయ్యా?"

"ఆయ్, అలాగేనండి" అన్నాను. కోపమంతా ఎటుపోయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టీచర్ గారు ఇప్పుడు లేరు. నాకు సొంత వ్యాన్లున్నాయి. ఎవరైనా ఏదైనా బ్రహ్మాండంగా పనిచేస్తోందంటే నేను నమ్మనూ నమ్మను, కొట్టిపారేయనూ పారేయను. ఓసారి ఫ్యూజు తీసి చూడమంటాను. నా పాత బండికి ఇంత మైలేజీ ఎలా వస్తోందని, ఏం బిగించావని బంకులో అడుగుతూనే ఉంటారు.

"ఏం బిగించలేదండి. నేను నడుపుతున్నానండి" అంటాను.

అలా తలెత్తి చెప్పడం నాకు ఆవిడ దగ్గరే వచ్చింది.