పిడికెడు యెరూషలేము

మా పక్కింటి ఆంటీ పోయిన వారం కన్నుమూశారు. ఆ ఉదయం ఆమె కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఇంక డయాలసిస్‌కి వెళ్లక్కర్లేదు" అంది.

ఆంటీది గుంటూరు దగ్గర పల్లె. శనివారం పొయ్యి వెలిగించని తెలుగు యూదుల కుటుంబం. నర్సు ఉద్యోగానికి న్యూజిలాండ్‌లోని ఈ హామిల్టన్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నా కాన్పుకి మా అమ్మకు వీసా రాకపోతే నన్నూ, బిడ్డనూ చూసుకున్నది ఆమే. తలా ఒక వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ల పాట్‌లక్‌లో ఎవరో ఒకరు "మీరు క్రిస్టియన్సే కదా ఆంటీ?" అని అడిగేవారు. "కాదమ్మా, వాళ్లకంటే కాస్త ముందొచ్చాం" అని నవ్వి గోంగూర వడ్డించేవారు. గుంటూరు పేరెత్తినా, యెరూషలేము పేరెత్తినా ఆమె మొహం ఒకేలా వెలిగేది. "ఒకటి నేను పుట్టిన ఊరు. ఇంకోటి నేను పుట్టకముందే నాదైన ఊరు" అనేవారు.

ఆ రెండో ఊరిని ఆమె చూడలేదు. రిటైరయ్యాక వెళ్దామనుకున్నారు. ఈలోగా కిడ్నీలు పాడయ్యాయి, గుండె నీరసించింది. విమానం మాటే ఎత్తొద్దన్నారు డాక్టర్లు. తాను పనిచేసిన ఆసుపత్రిలోనే రోజు విడిచి రోజు మిషన్‌కి అతుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. నేను కార్లో దింపుతుంటే, "ఇల్లు, ఈ రోడ్డు, ఆ కుర్చీ. ఇంతేనమ్మా నా భూగోళం" అనేవారు. పస్కా పండుగ భోజనం చివర వాళ్లంతా ఆనవాయితీగా అనే "వచ్చే ఏడు యెరూషలేములో" అన్న మాట మాత్రం అందరికంటే గట్టిగా అనేవారు.

యెరూషలేము అటువైపే కాబట్టి పడమటి కిటికీ దగ్గర నిలబడి ప్రార్థన చేసుకునేవారు. టీవీలో అక్కడి యుద్ధం వస్తే కట్టేసేవారు. "అటైనా, ఇటైనా ఏడ్చేది తల్లులే" అని ఊరుకునేవారు.

ఒకరోజు కూతుర్ని పిలిచి, "నేనెటూ పోలేను. నువ్వెళ్లి పిడికెడు మట్టి పట్టుకురా. నన్ను పూడ్చేటప్పుడు తల కింద వేద్దువుగాని" అన్నారు. వాళ్లలో అదొక ఆచారం. బయటి పురుగూ తెగులూ వస్తాయని ఆవకాయ సీసాకే సవాలక్ష ప్రశ్నలడిగే దేశం ఇది, మట్టిని రానిస్తుందా? "బట్టల మధ్య పెట్టెయ్, ఎవరు చూస్తారు" అని మనవాళ్లు సలహా ఇచ్చారు. ఆంటీ ఒప్పుకోలేదు. "దొంగచాటుగా తెచ్చుకోవాల్సిన ఊరు కాదమ్మా అది. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగనీ. మనుషులేగా, అర్థం చేసుకుంటారు."

యెరూషలేము వెళ్లి తిరిగొస్తూ ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో ఆ పిల్ల చెప్పే అడిగింది. ఆఫీసరు ఓపిగ్గా అంతా విన్నాడట, సారీ చెప్పాడట, మట్టి సంచీ మాత్రం తీసేసుకున్నాడు. అడుగున దుమ్ముందని కాళ్లకున్న షూస్ కూడా కడిగించి ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చాడు.

ఆ కవరు ఆంటీ ఒళ్లో పెట్టుకున్నారు. "అక్కడికి నేను పోలేను. అది నా దగ్గరికి రాలేదు" అన్నారు. ఆమె ఏడవగా చూడడం నాకదే మొదటిసారి. వెళ్లి టీ పెట్టాను. టీ తాగాక కళ్లు తుడుచుకుని ఆ షూస్‌ని పడమటి కిటికీ కింద పెట్టించారు. అప్పట్నుంచి ప్రార్థనకు ముందు వంగి వాటిని తాకేవారు. "ఇవైనా అక్కడ నడిచొచ్చాయి" అనేవారు.

అంత్యక్రియల రోజు వాన ముసురు పట్టింది. వాళ్ల పద్ధతిలో అయినవాళ్లే పారతో గుంట పూడ్చాలి. ఆంటీ తల కింద ఏమీ పెట్టలేదు, పెట్టడానికి లేదు. కూతురు ఆ షూస్ వేసుకునే వచ్చింది. ఒక్కో పార మట్టీ వేస్తూ బురదలో చీలమండల దాకా దిగబడింది.

ఇంటికొచ్చాక గుమ్మంలో వాటిని విప్పింది. కడిగి పెడతానని నేను చెయ్యి చాపితే, "వద్దక్కా" అంది. హామిల్టన్ మట్టి అంటుకున్న ఆ షూస్‌ని అలాగే తీసుకెళ్లి పడమటి కిటికీ కింద పెట్టింది.