మా కారు పొగకి పాస్ మార్కులు

ఆ ఉదయం మా పాత పెట్రోలు కారులో పొల్యూషన్ టెస్టుకి ఇద్దరం కలిసే బయల్దేరాం. మా ఆయన అది పాసవ్వాలని, నేను ఫెయిలవ్వాలని. అంతకుముందు ఆదివారం చర్చిలో ఆయన పక్కనే మోకరించి మరీ ప్రార్థించాను, ఈ కారు ఊపిరి తీసెయ్యి ప్రభువా అని. ఆయనా కళ్లు మూసుకునే ఉన్నారు. ఒకే ఇంటి నుంచి రెండు అర్జీలు వెళ్లాయన్నమాట.

ఆ కారు మా పెళ్లి నాటిది. బెజవాడ నుంచి చల్లపల్లిలో మా పుట్టింటికి ఎప్పుడు బయల్దేరినా ఉయ్యూరు చేరేలోపే నాకు దగ్గు మొదలయ్యేది. పొగ సగం లోపలికే వచ్చేది మరి. ఆయాసం ముదిరాక డాక్టరు గారు, "పొగకి దూరంగా ఉండాలమ్మా" అన్నారు. వెంటనే మా ఆయన వంటింట్లో చిమ్నీ పెట్టించారు! కారు మాట ఎత్తితే మాత్రం మొహం మాడ్చుకునేవారు. నేను అన్నం మానేసి పోరితే చివరికి దిగొచ్చారు. "సరే, ఈసారి టెస్టులో ఫెయిలైతే అమ్మేస్తా. మాటంటే మాట."

పెట్రోలు బంకు పక్కన టెస్టింగ్ వ్యాను. అందులోని పెద్దమనిషి మా నంబర్ ప్లేటు ఫొటో తీసుకుని, మా కారు వైపు జాలిగా చూసి, మీటరు గొట్టం పట్టుకుని వెనకాల ఆగిన కొత్త కారు వైపు నడిచాడు.

"అటు ఎక్కడికండీ?" అన్నాను.

"మీ బండి పాతది కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ? ఈ కొత్త బండి పొగ పట్టి మీకు సర్టిఫికెట్ ఇచ్చేస్తా. మామూలుగా చేసేదేనండీ."

కొత్త కారాయన కూడా, "పర్లేదండీ, వాడుకోండి" అన్నాడు, కరివేపాకు రెబ్బ ఇస్తున్నంత తేలిగ్గా. మా ఊరివాళ్ల మంచితనం మీద నాకు ఒళ్లు మండిపోయింది.

"కుదరదు. మా పొగే పట్టండి."

మా ఆయన పళ్లు నూరారు. వ్యాను పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. నిజంగా టెస్టు చెయ్యమన్న మనిషిని చూడటం అదే మొదటిసారి కాబోలు. గొట్టం తెచ్చి మా సైలెన్సర్లో పెట్టాడు. ఇంజను గుడగుడలాడింది. ఆ ఘాటుకి ఆ పెద్దమనిషే జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దీని పని అయిపోయింది అనుకున్నాను.

"పాసండీ" అన్నాడు, రుమాలు తియ్యకుండానే.

"పాసా? మీరే ముక్కు మూసుకున్నారు కదండీ!"

"నా ముక్కుదేముందమ్మా, మీటరు చెప్పాలిగానీ. పాత బళ్లకి లిమిటే ఎక్కువండీ. ఇదే పొగ ఆ కొత్త బండి వదిలితే ఫెయిల్ చేసేవాణ్ణి. మీ దానికి పర్మిషనుంది."

వయసు మీద పడిందని కారుకి ఎక్కువ పొగ వదలమన్నారట! ఆహా, ఎంత దయ! అలాగే వయసు మీద పడుతున్న నా ఊపిరితిత్తులకి ఏ సడలింపూ ఇచ్చినట్టు లేదు.

తిరిగొస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగాం. పొగ లోపలికొచ్చింది. నాకు దగ్గు అందుకుంది. ఇదివరకైతే మా ఆయన చెప్పకుండానే అద్దం దించేవారు. ఆ రోజు దించలేదు. నా వైపు తిరిగారు. కోపం కాదు, వెటకారం అంతకన్నా కాదు, నిజంగానే ఆశ్చర్యం ఆయన మొహంలో.

"పాసయ్యింది కదే, ఇంకా ఎందుకు దగ్గుతున్నావు?"