పేజీ పైన ‘ఇంకా సరికానివి’

2002 వేసవి మొదట్లో నన్ను డాక్యుమెంటేషన్ ఇన్‌ఛార్జిగా వేశారు. మా కంపెనీ నంద్యాలలో ఒక ఎరువుల దుకాణం పైన, మేడ మీద ఉండేది. విత్తనాల ప్లాంట్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మేవాళ్ళం. ప్లాంటుకు వచ్చిన విత్తనాన్ని లాట్లుగా, అంటే నంబరేసిన గుంపులుగా విడగొట్టడం, ఒక్కో లాటుకు మొలక పరీక్ష ఫలితం ఎక్కించడం, బస్తాలకు లేబుళ్ళు అచ్చువేయడం దాని పని. నేను పేరుకు ఇన్‌ఛార్జినే గాని నా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. పైన మాత్రం ఒకాయన ఉండేవారు, కంపెనీ యజమాని శివశంకర్ గారు.

ఆ ఉద్యోగంలో ఏం చేసేదాన్నో మా చుట్టాలకు ఇప్పటికీ తెలియదు. టైపిస్టునని అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ సీడీతో పాటు ఒక కాగితం వెళ్ళాలి. ఈసారి ఏం కొత్తగా వచ్చింది, ఏం సరిచేశాం, ఏం ఇంకా సరికాలేదు అన్నది అందులో ఉంటుంది. దాన్ని రిలీజ్ నోట్స్ అంటారు. మొదట్లో ప్రోగ్రామర్ల వెంటపడి అడిగి చేత్తో రాసేదాన్ని. వాళ్ళు సగం మరిచిపోయేవాళ్ళు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ప్రోగ్రామర్ తన మార్పును ఆఫీసు కంప్యూటర్లో జమ చేసేటప్పుడు ఒక వాక్యం రాయాలి. దాని ముందు కొత్తది, సరిచేసినది, మిగిలినది అన్న మూడింట్లో ఒక మాట పెట్టాలి. విడుదల రోజున స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆ వాక్యాలన్నీ ఏరుకొచ్చి, నేను గీసి ఉంచిన పేజీ నమూనాలో ఎక్కడివక్కడ పోస్తుంది. ఆ నమూనానే టెంప్లేట్ అంటారు. ఏ గడి ఎక్కడుండాలి, ఏ అక్షరం ఎంత లావుండాలి, ఏది ముందు, ఏది వెనక అన్నీ అందులోనే తేలిపోతాయి. పేజీ అడుగున ‘ఈ పేజీకి బాధ్యులు’ అని ఒక గడి ఉండేది. అందులో నా పేరు పడేది, సరోజ అని.

నేను మొదట గీసిన టెంప్లేట్‌లో ‘ఇంకా సరికానివి’ అన్న భాగం రెండో పేజీ చివర ఉండేది. అందరూ అలాగే పెడతారు గనక నేనూ అలాగే పెట్టాను.

మరుసటి ఏడాది లేబుళ్ళ అచ్చులో ఒక తప్పు దొరికింది. లేబుళ్ళు అచ్చవుతుండగా కరెంటు పోయి మళ్ళీ వస్తే, మిగిలిన బస్తాలకు తర్వాతి లాటు నంబరు పడుతోంది. అంటే ఒక లాటు విత్తనానికి ఇంకో లాటు పరీక్ష ఫలితం తగులుకుంటుంది. మొలకెత్తని గింజ మంచి గింజ పేరుతో రైతు చేనుకు పోవచ్చు. తప్పు సరిచేయాలంటే అచ్చు భాగమంతా తిరగరాయాలి, అది వానాకాలం అమ్మకాలకు ముందు అయ్యే పని కాదు. అప్పటిదాకా ఒక్కటే ఉపాయం: కరెంటు వచ్చాక ప్రోగ్రాం మూసి, మళ్ళీ తెరిచి, లాటు నంబరు చేత్తో కొట్టాలి. ఇదంతా రెండో పేజీలో వివరంగా అచ్చయింది.

అయినా ఆళ్ళగడ్డ ప్లాంటులో లేబుళ్ళు తారుమారయ్యాయి. లారీకి ఎక్కించే ముందు సూపర్‌వైజర్ ఓబులేసు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఫోన్ చేసి నన్ను దులిపేశాడు. మేం రాశాం కదన్నా అంటే, “యాడ రాసినారక్కా? వచ్చి చూపీ” అన్నాడు.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. కంప్యూటర్ పక్కన గోడ మీద మేం పంపిన కాగితాలన్నీ మైదా బంకతో వరసగా అతికించి ఉన్నాయి. పంపిన ప్రతి కాగితాన్నీ అంత పదిలంగా పెట్టుకున్న కస్టమర్ను నేను ఇంకెక్కడా చూడలేదు. అయితే అన్నీ మొదటి పేజీలే. గోడ మీద చోటు చాలక రెండో పేజీలు చింపేసేవారట. అవి టీ గ్లాసుల కింద, తూకం కాటా కాలి కింద కనిపించాయి. అక్కడికక్కడే నాకు తెలిసిపోయింది, తప్పు చదివేవాళ్ళది కాదు, పేజీది.

నంద్యాల వచ్చి టెంప్లేట్ మార్చాను. ‘ఇంకా సరికానివి’ మొదటి పేజీలో అన్నిటికంటే పైకి తెచ్చాను, లావు అక్షరాలతో. తర్వాతి వెర్షన్‌కు నమూనా కాగితం తీసి శివశంకర్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. “ఏంది సరోజమ్మా ఇది? పెండ్లిచూపులకు పోయి ఎవురన్నా పిల్లకు మెల్లకన్నుండాదని ముందే చెప్తారా?”

“పెండ్లి ఎప్పుడో అయిపాయె సార్. ఇప్పుడు కాపురం నడుస్తాండాది” అన్నాను.

ఆయనకు నవ్వు రాలేదు. పైకి తేవడం కాదు, ఆ భాగమే ఉండకూడదన్నారు. కోయిలకుంట్లలో కొత్త ప్లాంటు వాళ్ళతో బేరం నడుస్తోందని, వాళ్ళకు ఈ కాగితం చూపించాల్సి వస్తుందని చెప్పారు. తీసేయడం నా వల్ల కాదన్నాను. కావాలంటే మీరే తీయించుకోండి, కాని అడుగున నా పేరు కూడా తీసి మీ పేరు పెట్టుకోండి అన్నాను. కస్టమర్లకు అలవాటైన పేరు నాది కాబట్టి అదే ఉండాలన్నారు. మర్నాటికి టెంప్లేట్ ఉన్న ఫోల్డర్ నాకు తెరుచుకోలేదు. ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ కుర్రాడిచేత తాళం వేయించారు.

సీడీ వెళ్ళింది, కాగితం వెళ్ళింది. అందులో ‘ఇంకా సరికానివి’ లేదు. నా పేరు ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన డబ్బు, ఆయన కంపెనీ, ఒప్పుకుంటాను. నా పేరు మాత్రం ఆయనది కాదు. నా ఫ్లాపీలో నేను శివశంకర్ గారికి చూపిన నమూనా కాగితం ప్రతి ఉంది. బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో మొదటి పేజీ ఒక్కటి తీయించుకుని, సెలవు చీటీ కూడా ఇవ్వకుండా ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే పోనీ అనుకునే ఎక్కాను.

ఓబులేసు రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. “ఏందక్కా, రెండిట్లోనూ నీ పేరే ఉండాది. ఏది నమ్మాల?”

“ఇది నేను రాసింది. ఆ రెండోది నా పేరు పెట్టి వేరేవాళ్ళు చేసింది. దాన్ని చింపేయన్నా.”

“అంటే కరెంటు పోయినప్పుడల్లా మూసి తెరవాల్సిందేనా ఇంకా?”

“తెరవాల్సిందే. ఇంకా సరిచేయలే.”

అతను కంపెనీ కాగితం చింపేసి, నాది గోడకు అతికించాడు. తర్వాత నా ఎదురుగానే శివశంకర్ గారికి ఫోన్ కలిపాడు. “సార్, మీ తప్పు మీరు చెప్తే మేం చూసుకుంటాం. దాచిపెడితే గోడౌన్లో బస్తాలు ఎవురు విప్పాల? నువ్వొచ్చి విప్పుతావా? పైన ఆ ముక్క లేని కాగితం వస్తే సీడీ యెనక్కి పంపిస్తా” అన్నాడు.

నేను ఆఫీసుకు వెళ్ళేసరికి క్షమాపణ పత్రం రాసివ్వమన్నారు. రాయలేదు. అలాగైతే ఉద్యోగం మానుకోమన్నారు. మానుకుంటాను, ముందు నా పేరు తీయించండి అన్నాను. ఆయన బయటకు వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా తాళం తెరుచుకుంది. మా కస్టమర్లందరిలోకీ ఆళ్ళగడ్డ ప్లాంటే పెద్దదని మా ఇద్దరికీ తెలుసు.

అందరూ మెచ్చుకున్నారని మాత్రం అనను. కోయిలకుంట్లవాళ్ళు ‘ఇంకా సరికానివి’ ఉన్న కాగితం చూసి, ఇన్ని లోపాలున్న సరుకు మాకెందుకని వేరే కంపెనీకి పోయారు. శివశంకర్ గారు ఆ సంగతి ఏటా కొత్త సంవత్సరం డైరీలు పంచేటప్పుడు తప్పకుండా గుర్తుచేసేవారు. నేను డైరీ తీసుకుని వచ్చేసేదాన్ని.

ఫోల్డర్ నా చేతికి రాగానే స్క్రిప్ట్‌లో రెండు మార్పులు చేశాను. టెంప్లేట్‌లో ‘ఇంకా సరికానివి’ భాగం లేకపోతే స్క్రిప్ట్ ఆగిపోతుంది, పేజీ తయారు కాదు. రెండోది, బాధ్యుల గడిలో ఇక నా పేరు రాసి పెట్టి ఉండదు. టెంప్లేట్‌ను గాని స్క్రిప్ట్‌ను గాని చివరిసారి ఎవరు ముట్టుకుంటే వాళ్ళ పేరు దానంతటదే పడుతుంది.

రెండేళ్ళ తర్వాత ఇంకో పెద్ద బేరం వచ్చింది. శివశంకర్ గారు నా కుర్చీలో కూర్చుని, తన పాస్‌వర్డ్‌తో తెరిచి, ఆ భాగాన్ని తనే స్వయంగా తీసి పేజీ తయారుచేయబోయారు. స్క్రిప్ట్ ఆగింది. సిస్టమ్స్ కుర్రాడిని పిలిచి ఆ అడ్డు తీసేయమంటే, తీస్తాను సార్, కింద ఎవరి పేరు పడాలి, నాదా మీదా అని అడిగాడు. ఆయన లేచి వెళ్ళిపోయారు. నేను ఆ భాగాన్ని తిరిగి పెట్టేశాను. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ టెంప్లేట్‌ను ఇంకెవరూ ముట్టుకోలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. కాగితాన్ని యంత్రం తయారుచేసినా, అందులో ఏం కనబడాలో తేల్చేది టెంప్లేట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే. అది మీ చేతికి వస్తే ఎవరడిగినా వదలకండి. తీసుకుంటామనేవాళ్ళను పేరు కూడా రాసి తీసుకోమనండి. చాలామంది తీసుకోరు.