చేతి వేగం తెలిసిన మిస్త్రీ

మొన్న మధ్యాహ్నం ఊరి బయటి కుంభారి కాలనీ నుంచి ఫోను వచ్చింది. భవాని పేట్‌లో చాలాకాలం మా గోడపక్క ఇంట్లో ఉండి, ఆ కొత్త కాలనీకి మారిన మిస్త్రీ ఇక లేరు. మగ్గాల మోటార్లు బాగుచేయడం ఆయన వృత్తి. పురాణాలూ కావ్యాలూ చదువుకుంటూ బతికిన నన్ను ఒక ఇనుపపెట్టె ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పినవారాయన.

ఆయన మా పక్కింట్లో ఉన్న రోజుల్లోనే నా భార్యకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. పెళ్లినాటి నుంచి మా మగ్గానికి నూలు కండెలు చుట్టినది ఆ చేతే. రాట్నం తిప్పలేక ఆమె గోడవైపు తిరిగి కూర్చునేది. అన్నం కూడా బతిమాలితేనే తినేది. మిస్త్రీ అది చూసి రాట్నానికి చిన్న మోటారు బిగించారు. ఎడమచేత్తో పోగు పట్టుకుంటే చాలు. దాన్ని నడపడానికి పాత కంప్యూటరు పవర్ సప్లై తెచ్చారు. పన్నెండు వోల్టుల తీగకు కలపగానే మోటారు ఉరికి పోగు తెంపింది. అయిదు వోల్టులకు కదలనే లేదు.

“ఏంది మిస్త్రీ, చుట్టుమంటె తెంపవట్టె నీ మషీన్,” అన్నది నా భార్య. జబ్బు పడ్డాక ఆమె నోట వచ్చిన మొదటి ఎత్తిపొడుపు అది.

“దానికి ఇంక నీ చేతి వేగం తెల్వదు వదినా. నేర్పిస్త.”

మరునాడు ఆ పవర్ సప్లై పెట్టె విప్పారు. లోపలి చిప్పు, తాను పంపే వోల్టేజీని అనుక్షణం కొలుచుకుంటూ తనను తాను దిద్దుకుంటుందట. ఆ కొలత అందే దారిలోని రెసిస్టరు తీసి, పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్ అమర్చాలన్నారు. బయటి తీగకే ఏదైనా అడ్డం పెడితే పోదా అని నేను తొందరపడ్డాను.

“గుంజితె తెగుతది అన్నా, పోగైనా కరెంటైనా. అది కొలుసుకునే కొలత జరంత మారిస్తె, అదే దిగొస్తది.”

మనోనిగ్రహం మీద ఎన్నో ప్రసంగాలు చేసిన నేను ఆ మాట విని స్క్రూడ్రైవరు అందించాను.

ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. అందుకని చేయి పెట్టేముందు ప్రతిసారీ నాచేత నాలుగు పద్యాలు చదివించేవారు. నేను రాగం తీస్తే తల ఊపేవారు. అయినా పద్యాన్ని నమ్మి వేలు పెట్టిన మనిషి కారు. మీటరు సున్నా చూపితేనే పెట్టేవారు.

కొత్త కొలతతో పెట్టె రెండుసార్లు తనంతట తానే ఆగిపోయింది. వోల్టేజీ తగ్గితే ఆపివేసే కాపలా ఒకటి అందులో ఉన్నదట. ఆయన విసుక్కోలేదు. కాపలాదారు మంచోడే, మనల్ని గుర్తుపట్టలేదంతే అని నవ్వి, దానికీ కొత్త హద్దు ఏర్పరచారు.

మూడోనాడు, ఎనిమిది వోల్టుల దగ్గర, మోటారు ఆమె వేళ్లతో కలిసి నడిచింది. వేగం తగ్గించి పెంచే ఆ రేడియో నాబ్ చుట్టూ అంకెలు వేయమన్నాను. వద్దన్నారు, వదినకు అంకెలతో పనిలేదట. ఆ సాయంత్రం ఆమె ఒక కండె నిండుగా చుట్టి, లేచి తన కంచం తానే పెట్టుకున్నది.

మొన్న ఫోను పెట్టేసి ఆమెకు వార్త చెప్పాను. రాట్నం ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. పోగును పెదవుల మధ్య పట్టుకుని, ఎడమచేత్తో నాబ్‌ను బాగా తగ్గించింది. ఎన్నడూ తిరగనంత మెల్లగా తిరుగుతున్న ఆ కండె మీద, ఒక్కొక్క చుట్టు ఎక్కడ కుదురుకుంటున్నదో నా ముసలి కళ్లకు సైతం విడివిడిగా కనిపించింది.