పెద్దాయనకు ఎర్త్ పెట్టిన రోజు

ఒక నాయకుణ్ణి నిలబడ్డ చోట నిలబడ్డట్టే, నోటితో ఒక్క మాట అడగకుండా పార్టీ మార్చిన ఘనత కడప జిల్లాలో నాకొక్కడికే ఉంది. దానికి ఉపన్యాసం అవసరం కాలేదు. ఒక గన్ను, కొన్ని వేల వోల్టులు, నా తెలివి సరిపోయాయి. అది ఏ పార్టీ, దాని రంగు ఏదని మాత్రం అడగకండి. నాకు జమ్మలమడుగులో బంధువులున్నారు, పులివెందులలో అత్తవారున్నారు. రెండు చోట్లా భోజనం చేయవలసినవాణ్ణి.

అవి ఏ రంగు చొక్కా తొడుక్కున్నా ‘ఎందుకు?’ అని అడిగే ఫ్యాక్షన్ రోజులు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతబట్టుకుని ప్రొద్దుటూరులో సుబ్బన్న గారి ఇనుప కుర్చీల షెడ్డులో కొత్తగా చేరాను. కొత్తగా వచ్చిన పెయింటు యంత్రం నా చేతికి అప్పగించారు. దాని సూత్రం సులువు. గన్నులోంచి వచ్చే రంగు తుంపరకు విద్యుదావేశం ఎక్కుతుంది. ఆ తుంపర దగ్గరలో భూమితో కలిసి ఉన్న వస్తువును వెతుక్కుంటూ పోయి, దాని వీపు వైపుకు కూడా చుట్టుకుని అంటుకుంటుంది. కాబట్టి కుర్చీకి ఎర్త్ ఉండి తీరాలి. ఎర్త్ లేని కుర్చీ పదవి పోయిన నాయకుడి లాంటిది. ఎదురుగానే ఉన్నా ఎవరూ దగ్గరికి పోరు.

ఎన్నికల ముందు ఒక పార్టీ ఆఫీసు కుర్చీలకు వాళ్ల రంగు వేస్తున్నాం. ఆ నునుపు సంగతి విని ఎదుటి పార్టీ పెద్దాయనకు కుదురు చిక్కలేదట. పులివెందుల నుంచి స్వయంగా చూడటానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. సుబ్బన్న నన్ను పక్కకు పిలిచాడు.

“చూడబ్బీ, పెద్దాయన మెచ్చితే ఆర్డరు మనది. ఆర్డరొస్తే నీ ఉద్యోగం ఖాయం. రాలేదంటే నువ్వు మీ వేంపల్లె బస్సెక్కాల్సిందే.”

“నేనుండగా మీకేం భయం లేదు” అన్నాను. పాఠకులు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి.

జీపులు ఆగగానే, కంప్రెసరు హోరును మించి షెడ్డు ఆ చివరి నుంచి అరిచాను: “సుబ్బన్నా, పెద్దాయన వచ్చేలోపల ఎర్త్ పెట్టేయండి!”

హోరు సరిగ్గా అప్పుడే ఆగింది. గడపలో పెద్దాయన అనుచరుడు ఓబులేసు నిలబడి ఉన్నాడు. మన వైపు ‘ఎర్త్ పెట్టడ’మంటే మనిషి కింద గోతులు తవ్వడమని నా డిప్లొమాలో చెప్పలేదు.

“ఎవురికప్పా ఎర్త్ పెట్టేది?”

“కుర్చీకి, అన్నా!”

“అదే అడుగుతాండా. మాయన్న కుర్చీకా?”

సుబ్బన్న అడ్డుపడ్డాడు. “లేదు సామీ! పిల్లోడు శానా నెమ్మదస్తుడు. గన్ను పట్టినాడంటే మాత్రం గురి తప్పడు.”

ఓబులేసు చెయ్యి చొక్కా కిందికి పోయింది.

“ఉండ్రా, రంగేసే గన్ను” అంటూ పెద్దాయన లోపలికి వచ్చారు. పాలనురుగు లాంటి ఖద్దరు చొక్కా, గంజి పెట్టిన పంచె.

నేను నియమాలు వల్లించాను. “పెయింటు ఆవిరికి నిప్పు తగలకూడదు, బీడీలు బయటే. ఒంటి మీద ఇనుప వస్తువులుంటే రవ్వ పుడుతుంది. తీసి బయట బల్ల మీద పెట్టండి.”

“అన్నీనా?” అన్నాడు ఓబులేసు అనుమానంగా.

“అన్నీ.”

బల్ల మీద ఒక కమ్మరి కొలిమికి సరిపడా సరుకు చేరింది. కొడవళ్ల మీద కొడవళ్లు పడ్డాక, చివరన ఎవరిదో ఒక తాళంచెవి వినయంగా వచ్చి కూర్చుంది.

“రబ్బరు చెప్పులు కూడా విప్పండి. ఆవేశం ఒంట్లో నిలవకుండా నేలలోకి దిగిపోవాలి.”

పెద్దాయన చెప్పులు విప్పి, అప్పుడే కడిగిన సిమెంటు నేల మీద, కుర్చీ పక్కనే నిలబడ్డారు. అంతా శాస్త్రప్రకారమే. గన్ను నడిచేటప్పుడు పట్టినవాడు తప్ప ఎవరూ దరిదాపుల్లో ఉండకూడదన్న మొదటి నియమం తప్ప. ప్రేక్షకులు దూరంగా ఉంటే నా ప్రతిభ కనబడేదెలా?

ఇంకొక నియమం కూడా ఉంది. కుర్చీని పైకమ్మీకి వేలాడదీసే కొక్కేన్ని తెల్లటి ఇనుము కనబడేదాకా గీకి, మీటరు పెట్టి చూసుకోవాలి. సుబ్బన్న ఎర్త్ తీగను పైకమ్మీకి తగిలించాడు. ఆయన తప్పేమీ లేదు. కానీ నేను గీకని కొక్కేనికి పాతరంగు అట్టలు కట్టింది. కమ్మీకీ కుర్చీకీ మధ్య, రెండు పార్టీల ఇళ్ల మధ్య లాగా, రాకపోకలు తెగిపోయాయి. మీటరా? నా చొక్కా జేబులోనే ఉంది, కలం పక్కన అందంగా ఉంటుందని.

“చూడండి, ఒక్క చుక్క వృథా కాదు. ఎర్త్ యాడుంటే రంగు ఆడికే పోతుంది” అని మీట నొక్కాను.

పోయింది. నేను చెప్పిన శాస్త్రం అక్షరాలా రుజువైంది. కుర్చీ మొదటి తుంపరకే ఆవేశంతో నిండి, తక్కినదాన్ని తోసిపుచ్చింది. తడినేల మీద వట్టికాళ్లతో ఉన్న పెద్దాయనకు మాత్రం నిఖార్సయిన ఎర్త్ ఉంది. ప్రత్యర్థి పార్టీ రంగు మెత్తగా, సమంగా, ఒక్క చారిక కారకుండా ఆయన చొక్కాకూ మీసానికీ, చివరికి చెవుల వెనక్కీ చుట్టుకుని అంటుకుంది. అంత నాణ్యమైన పని నేను మళ్లీ చేయలేదు.

అప్పుడు మీటరు తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లున్నారు. చొక్కా తడిశాక మీటరు పట్టుకున్నవాణ్ణి నేను.

“అన్నా, ఇది ఎర్తే! నేను ముందే జెప్తి!” అంటూ ఓబులేసు మందితో బల్ల వైపు ఉరికాడు. అదృష్టవశాత్తు ఏ కొడవలి ఎవరిదో తేలక అక్కడ తగవు మొదలైంది.

పెద్దాయన నా భుజం పట్టుకుని డబ్బాల చాటుకు నడిపించారు. వేంపల్లె బస్సు ఎక్కే యోగం కూడా లేదనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“నిజం జెప్పు నాయనా. నేను ఆ పార్టీలోకి పోతాండానని నీకెవురు జెప్పినారు?”

నా నోట మాట రాలేదు. రాకపోవడమే నన్ను కాపాడింది.

“గట్టోడివే! నోరు జారలేదు. మళ్లీ నేను జెప్పేదాకా ఇట్నే ఉండు. మా కుర్చీలకు గూడా ఈ రంగే ఎయ్యి.”

ఒంటికి దుప్పటి చుట్టుకుని ఆయన జీపెక్కారు. డబ్బా మార్చే పని కూడా తప్పిందని సుబ్బన్న మురిసిపోయాడు.

“ఉద్యోగం ఖాయమబ్బీ! ఏం మంత్రమేసినావు?”

నేను గంభీరంగా కుర్చీ దగ్గరికి నడిచాను. కొక్కెం గీకనిదే, మీటరు పెట్టనిదే, మనుషుల్ని బయటికి పంపనిదే ఈ జన్మలో మీట నొక్కనని, ఆ కుర్చీ మీదే అరచెయ్యి వేసి ప్రమాణం చేశాను.

దానికి ఇంకా ఎర్త్ లేదన్న సంగతి, మోచేతి దాకా చురుక్కుమన్నాక గుర్తొచ్చింది.