బొంబాయిలో బాప్తిస్మం

మా ఆయనను దేవుడు పిలిచాడట. నాకు మాత్రం ఏ పిలుపూ రాలేదు, సూట్‌కేసులు సర్దమని ఆయన పిలవడం తప్ప. అలా ఇల్లినాయ్‌లో బైబిలు చదువు ముగించుకున్న గుంటూరు పాస్టరూ, ఆయన వెనకాల నేనూ, ఎనభైల మొదట్లో హవాయిలోని ఒక చెరుకుతోటల ఊరు చేరాం. సముద్రం చూడ్డానికైతే లోకమంతా ఎగబడుతుంది గానీ, ఆ వానలో, ఆ రేకుల చర్చిలో కాపురం పెట్టడానికి అమెరికన్ పాస్టర్లెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

మా చర్చికి మనుషుల కంటే కోళ్లు క్రమం తప్పకుండా వచ్చేవి. ఆ దీవిలో కోళ్లు ఎవరివీ కావు, వాటి ఇష్టం వాటిది. ప్రసంగం మధ్యలో తీరిగ్గా లోపలికొచ్చి బెంచీల కింద ఏరుకు తినేవి. మా ఆయన ప్రసంగానికి కునుకు తీయనివి అవొక్కటే.

ఆ కోళ్లను తోలేవాడు ఒక జపాన్ పెద్దాయన. పుట్టింది ఆ దీవిలోనే. చక్కెర మిల్లులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య మా చర్చి సభ్యురాలు, మేం వెళ్లేసరికే పోయింది. ఈయన బాప్తిస్మం తీసుకోలేదు. అయినా ప్రతి ఆదివారం వచ్చి, ఆఖరి బెంచీలో ఆవిడ కూర్చునే చోటు ఖాళీగా వదిలి, పక్కన కూర్చునేవాడు. కోడి వస్తే లేచి తోలేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

వెళ్లిన కొత్తలోనే మా ఆయన పెద్దాయన్ని అడిగాడు, బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటారని. పెద్దాయన నవ్వి, "బంబాయ్" అన్నాడు. మా ఆయన ఆ సాయంత్రం ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు.

"విన్నావా, ఇండియా వెళ్లి తీసుకుంటాడంట!"

"ఇండియాలో ఎక్కడండీ?"

"బొంబాయిలో."

"బొంబాయిలో మనకెవరున్నారు? గుంటూరు రమ్మనండి, మా పెదనాన్న కృష్ణలో ముంచుతాడు."

మర్నాడు వెళ్లి ఆ మాటా చెప్పొచ్చాడు. వానాకాలంలో బొంబాయి వద్దనీ, అక్కణ్ణించి గుంటూరుకు రైల్లో ఎలా రావాలో, ఏ స్టేషన్లో భోజనం బాగుంటుందో, అన్నీ చెప్పాడు. పెద్దాయన మర్యాదగా మొత్తం విన్నాడు. చివరికి పోస్టాఫీసు ఆవిడ నవ్వలేక చస్తూ చెప్పింది, అది ఊరు కాదు, ఆ దీవి ఇంగ్లీషులో 'బంబాయ్' అంటే 'తర్వాత చూద్దాం' అని.

అప్పట్నించీ మా ఇంట్లో వాయిదా పడిన ప్రతి పనీ బొంబాయి వెళ్లింది. కారుతున్న కుళాయి, నాకు కొంటానన్న కుట్టుమిషను, అన్నీ బొంబాయిలోనే ఉండేవి. మా ఆయన మాత్రం వదల్లేదు. వీలు దొరికినప్పుడల్లా అడిగేవాడు. అదే జవాబు వచ్చేది. "తర్వాత అనేది జవాబు కాదు సార్" అని ఈయన అనేవాడు, పెద్దాయన నవ్వేవాడు.

ఆరేళ్లయ్యాక మిషన్ పెద్దలు మమ్మల్ని ఇల్లినాయ్‌లోని అరోరాకి మార్చారు. ప్రయాణం ఇంక కొద్ది వారాల్లో ఉందనగా మా ఆయనకు తిండి సహించడం మానేసింది. ఆరేళ్లలో ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఉన్నవాళ్లంతా ముందే తీసుకున్నవాళ్లు, కొత్తగా వచ్చినవి కోళ్లు. అన్నం కెలుకుతూ, "ఒక్కరు కూడానా?" అనేవాడు. నాకు దేవుడి మీద ఒళ్లు మండింది. ఇంత నమ్ముకున్న మనిషికి ఒక్కణ్ణి ఇస్తే ఆయన సొమ్మేం పోతుంది? ఆయన ఇవ్వకపోతే నేనే ఇప్పిద్దామనుకున్నాను.

అక్కడ గోంగూర జాతి మొక్క ఒకటి దొరికేది. దాంతో పచ్చడి నూరి పెద్దాయన ఇంటికి పట్టుకెళ్లాను. ఆయనకది మహా ఇష్టం. రెండు ముద్దలు లోపలికి వెళ్లాక విషయం చెప్పాను.

"ఒక్క మునక. రోజూ చేపలకని మునుగుతూనే ఉన్నారుగా. మా ఆయన కోసం నమ్ముతున్నానని అనండి, చాలు."

ఆయన తినడం ఆపాడు. "నా భార్య కూడా బతికినన్నాళ్లూ అడిగింది. ఆమెకే నేను అబద్ధం చెప్పలేదు."

"చెప్పుంటే సంతోషంగా పోయేదిగా!" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన మిగిలిన పచ్చడి గిన్నెకు మూత పెట్టాడు. తర్వాత, "పాస్టర్ మంచివాడు. సరే" అన్నాడు.

ఆఖరి ఆదివారం చర్చి మొత్తం సముద్రం ఒడ్డున చేరింది. మా ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది. ఆయనకు సముద్రమంటే చచ్చేంత భయం, అయినా నడుము లోతు దాకా వెళ్లాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో ఎదురుగా నిలబడ్డాడు. మా ఆయన అడిగాడు, నమ్ముతున్నారా అని. పెద్దాయన గట్టు మీదున్న నా వైపు చూశాడు. చూసి, "అవును" అన్నాడు.

మా ఆయన బాప్తిస్మం ఇవ్వడానికి చెయ్యి ఎత్తలేదు. ఆయన కూడా నా వైపు చూశాడు. మళ్లీ పెద్దాయన వైపు తిరిగి మెల్లగా ఏదో అన్నాడు. పెద్దాయన తలొంచుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ 'బంబాయ్' గట్టు దాకా వినిపించింది.

"సరే" అన్నాడు మా ఆయన. అంతలో వెనక నుంచి ఒక అల వచ్చి పాస్టరుగారిని అమాంతం ముంచేసింది. పెద్దాయన కాలరు పట్టుకుని పైకి లాగాడు. ఎవరు మునిగారో సరిగ్గా చూడని జనం గట్టు మీద కీర్తన అందుకున్నారు.

ఇంటికొచ్చాక తల తుడుస్తూ చెడామడా తిట్టాను. "అవునన్నాడుగా! ముంచేస్తే పోయేదిగా! మీకెందుకండీ అంత ఆరా?"

"ఎప్పుడడిగినా నా కళ్లలోకి చూసి చెప్పేవాడే. ఇవాళ నీ వైపు చూశాడు," అన్నాడు. "నిజం చెప్పండి, నాకేం బాధ లేదన్నాను. అంతే."

బాధ లేకపోవడమేమిటి, రాత్రంతా దొర్లాడు. నేను చేసిన పనికి నాకైతే సిగ్గేమీ వేయలేదు, ఇప్పటికీ అదే చేస్తాను. కానీ ఆ రాత్రి ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది. మర్నాడు కంచంలో అన్నం మిగల్చకుండా తిన్నాడు.

ఎయిర్‌పోర్టుకి పెద్దాయన వచ్చి మా ఇద్దరి మెడల్లో పూలదండలు వేశాడు. మా ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు.

"మళ్లీ ఎప్పుడు వస్తావు, పాస్టర్?"

మా ఆయన నీళ్లు నిండిన కళ్లతోనే, "బంబాయ్" అన్నాడు.

"తర్వాత అనేది జవాబు కాదు సార్" అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను. మేం మళ్లీ ఆ దీవికి వెళ్లలేదు.