స్పీకరక్క వాళ్ళ నాన్న గొంతు

మా వీధిలో పాత స్పీకర్లు బాగుచేసే ఆవిడను అందరం స్పీకరక్క అంటాం. పక్క కొట్లో కుట్టుమిషను నాది. ఆవిడ దగ్గర మోగే ప్రతి మోతా ముందు నా చెవినే పడుతుంది, నా ఖర్మ.

ఏ స్పీకరు బాగుచేసినా అక్క ఒకే టేపు పెట్టి చూస్తుంది. అందులో ఉన్నది వాళ్ళ నాన్న గొంతు. పెద్దాయన బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివేవారు. "ప్రయాణికులకు మనవి" అన్నారంటే బస్సు కోసం పరుగెత్తేవాడు కూడా ఆగి వినాల్సిందే. ఆ గొంతు సరిగ్గా పలికితే ఇంకే గొంతైనా పలుకుతుందని అక్క నమ్మకం.

తర్వాత ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. మిగిలింది బొంగురు. మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే ఈ కాస్తా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన నోరు మెదిపితేగా! కొట్టు వెనక గదిలో కూర్చుని, కావలసినవి చేత్తో చూపించేవారు. అక్క బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. నేనూ వెళ్ళి నాలుగు మాటలు చెప్పబోతే మొహం అటు తిప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత మొండితనమేమిటని తిట్టుకుంటూ వచ్చేశాను.

అక్క ఊరుకునే మనిషి కాదు. చెక్క చట్రంలో పాత స్పీకర్లు పైకి చూసేలా బిగించింది. ఒక్కోదాని నడుమ సన్నని తీగ నిలబెట్టి అతికించి, తీగ కొసకు నా దగ్గర మిగిలిన గుడ్డ పీలికలు కట్టింది. మైకులో మాట్లాడితే అవి ఆడతాయి. సన్నగా అరిస్తే చిన్న స్పీకర్ల మీదవి వణుకుతాయి, బరువైన గొంతుకు పెద్దవాటి మీదవి లేచి ఊగుతాయి. పిల్లల లైబ్రరీ వాళ్ళు ముచ్చటపడి తమ హాల్లో పెడతామన్నారు. అక్క మనసులో ఉన్నది వేరే.

"నాన్న గొంతు ఆయన చెవికే నచ్చట్లేదు. కంటికైనా నచ్చుతుందేమో చూద్దాం" అంది నాతో.

నేను ఇంకో గుప్పెడు పీలికలు తెచ్చి అక్క చేతిలో పెట్టాను.

లైబ్రరీకి పంపే రోజు పొద్దున తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది.

"ఉండు నాన్నా, అన్నీ పనిచేస్తున్నాయో లేదో ఒక్కసారి చూస్తాను" అంటూ అలవాటు కొద్దీ టేపు పెట్టింది.

"ప్రయాణికులకు మనవి." నిండుగా, ఖంగుమంటూ వచ్చింది గొంతు. పీలికలన్నీ ఒక్కసారిగా లేచాయి. నేను మిషను వదిలి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాను. అక్క మొహం వెలిగిపోతోంది. పెద్దాయన మొహం మాత్రం మాడిపోయింది.

ఆయన లేచి, టేపు ఆపేశారు. పీలికలు వాలిపోయాయి. మళ్ళీ వచ్చి మైకు ముందు కూర్చుని చాలాసేపు గొంతు సవరించుకున్నారు.

"వాణ్ణి ఇక పెట్టకమ్మా" అన్నారు. బొంగురు, సగం గాలి. "పొద్దస్తమానం గోడవతల వాడే మాట్లాడుతుంటే, నేను నోరెలా తెరవను?"

పెద్ద స్పీకర్ల మీది పీలికలు మెల్లగా లేచి ఊగాయి. అక్క వాటి వంక చూడనే లేదు. వాళ్ళ నాన్న నోటి వంకే చూస్తూ, ఇంకో మాట కోసం నిలబడింది.